నువ్వు నడిచిన దారి ఏది? - ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి,

నీ కథా, దానితో పాటు పంపిన ఉత్తరమూ అందాయి. ముందు కథ చదివాను, కోపం వచ్చింది. తర్వాత ఉత్తరం చదివితే ఆ కోపం ఇంకా పెరిగింది. అంత చిన్నప్పుడు దేశం దాటినదానివి, తెలుగు ఇంత శుభ్రంగా రాస్తున్నావు. సంతోషం. ఆ మాట చెప్పేశాను కాబట్టి ఇక అసలు సంగతికి వస్తాను.

నీ కథలో హేగేట్ ఎస్టేట్, అంటే లండన్‌లో మీరు అద్దెకుండి వచ్చిన, తర్వాత కూల్చేసిన కౌన్సిల్ (అక్కడి స్థానిక ప్రభుత్వం) ఇళ్ల సముదాయం, మొదటి వాక్యంలోనే "కాంక్రీటు రాక్షసి" అయిపోయింది. రెండో పేజీలో చీకటి, మెట్ల మీద ఉచ్చ వాసన. మూడో పేజీలో హుడీలు వేసుకున్న కుర్రాళ్లు, ఒక కత్తి. చివర్లో క్రేను, దుమ్ము, ఆ పిల్ల ఏడుపు. ఉత్తరంలో మాత్రం, పెద్ద విషయం కాదన్నట్టు, ఇంకొకటి రాశావు. నర్సు ఉద్యోగంలో మీ అమ్మకి నైట్ డ్యూటీ పడిన రోజుల్లో పొద్దున నువ్వే తాళం వేసి, తాళంచెవి తాడుతో మెడలో వేసుకుని, మూడో అంతస్తు వాక్‌వే మీదుగా ఒక్కదానివే బడికి పోయేదానివని. నాలుగో తలుపు దగ్గర జమైకా పెద్దావిడ నిలబడి ఉండేదని. మలుపు దగ్గర నువ్వు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాకే ఆవిడ లోపలికి వెళ్లేదని.

అది కథలో ఎందుకు లేదు?

జవాబు కూడా నువ్వే రాశావు. ఉన్నన్నాళ్లూ నీకు ఏ కత్తీ కనబడలేదట. కానీ ఎస్టేట్ కథలో క్రైమ్ లేకపోతే ఎవరూ నమ్మరని ఎవరో చెప్పారట. ఆ చెప్పినవాళ్ల మాట పట్టుకుని, నిన్ను రోజూ బడికి సాగనంపిన మనిషిని తీసేసి, ఎప్పుడూ చూడని కుర్రాళ్లని ఆమె వాకిట్లో నిలబెట్టావు. నా కోపం దాని మీదే. ఆమె కుటుంబం అక్కడే ఎక్కడో ఉండి ఉంటుంది. ఆ కుర్రాళ్లలో ఒకడు ఆవిడ మనవడు అయి ఉండవచ్చు కదా.

క్రైమ్ లేకపోతే ఎవరూ నమ్మరనే మాట నాకు కొత్త కాదు. నేను కర్నూలు జిల్లాలో పుట్టినదాన్ని. నా మొదటి కథ శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయిన మా ఊరి గురించి. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు పోయాయి. 1981 వేసవిలో అధికారులు పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చి ఇళ్లు కూల్చారు. మా నాయన అంతకు ముందే గుమ్మాలు, దూలాలు ఊడదీసి బండికెత్తాడు. నేను ఏడుపులు రాయలేదు. మా అమ్మ పొద్దున బిందె తీసుకుని ఇంటి నుంచి ఏటి దాకా వెళ్లే దారి రాశాను. ఎవరి అరుగు దగ్గర ఆగుతుంది, ఎవరి వాకిలి ముందు కొంగు సర్దుకుంటుంది, ఏ బావి దగ్గర ఎడమకి తిరగకుండా నేరుగా పోతుంది, అంతే. కథ చివర ఆ దారి నీళ్లలోకి పోతుంది.

ఒక వారపత్రిక ఎడిటర్ దాన్ని తిప్పి పంపుతూ, సీమ కథ అంటే కక్షలుండాలి కదా, కనీసం ఒక వేటకొడవలైనా లేదేం అని రాశాడు. ఇంకొకాయనకి యాస చాలలేదు. చదివేవాళ్లకి మొదటి పేరాలోనే సీమ అని తెలియాలట. నేను రాసింది మా ఇంట్లో మాట్లాడే మాటే, అందులో ఇంకేం కలపాలి? ఆ తర్వాత సినిమాల్లో సుమోలు పేలడం మొదలైంది. ఇక మా జిల్లా పేరు చెబితే చాలు, హైదరాబాదులో అద్దె ఇల్లు ఇవ్వడానికి జనం వెనకాడిన రోజులు వచ్చాయి. మా అన్న కొడుక్కి అలా జరిగింది. ఎవరో కూర్చుని రాసిన కథల వల్ల ఒక పిల్లవాడికి గది దొరకలేదు. ఇది మరిచిపోయే విషయం కాదు, నేను మరిచిపోలేదు.

చివరికి ఆ కథని టీచర్ల సంఘం వాళ్ల చిన్న పత్రిక ఒకటి వేసింది. డబ్బులు రాలేదు. ఒక కార్డు ముక్క వచ్చింది. మా ఊరాయనే, ఆత్మకూరు దగ్గర పునరావాసం కాలనీలో ఉంటున్నాడు. "అమ్మా, బావి దగ్గర ఎడమకి తిరిగితే మా ఇల్లు వచ్చేది. ఆ దారి కూడా రాయమ్మా" అని రాశాడు. నాకు దక్కిన బహుమతుల్లో దాన్ని మించింది లేదు. ఆ మనిషి కథ చదవలేదు, అందులో నడిచాడు. నడుస్తూ తన ఇంటి మలుపు దగ్గర ఆగాడు.

నేను పట్టుకుని కూర్చున్న మాట ఇదొక్కటే, ఎన్నిసార్లయినా చెప్తాను. పోయిన చోటు గురించి రాసేటప్పుడు దారి రాయాలి. గోడల ఫొటోలు దొరుకుతాయి, అంతస్తుల లెక్క కౌన్సిల్ రికార్డుల్లో దొరుకుతుంది. ఏ మెట్లు దిగితే ఎవరు కనబడతారో, వాన పడితే ఏ వైపు నుంచి పోవాలో, పిల్లల్ని ఏ మూల దాకా ఒంటరిగా పంపవచ్చో మాత్రం ఏ రికార్డులోనూ ఉండదు. మునగబోతున్న కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాళ్లకి నంబర్లు వేసి, విప్పి, తెచ్చి అలంపురంలో మళ్లీ కట్టారు. మంచి పని చేశారు. కానీ ఆ గుడికి పోయే దారికి ఎవరు నంబర్లు వేశారు?

వేసవిలో శ్రీశైలం నీళ్లు వెనక్కి పోయినప్పుడు మునక ఊళ్ల పెద్దవాళ్లు కొందరు చూడడానికి వస్తారు. నేనూ వెళ్లాను. అక్కడ ఏమీ ఉండదు. ఒండ్రు, రాళ్లు, కొన్నిచోట్ల పునాది గుర్తులు. కానీ ముసలివాళ్లు నేరుగా నడవరు. ఖాళీ నేల మీద కూడా మలుపులు తిరుగుతారు. ఇక్కడ అంగడి, దీన్ని చుట్టి పోవాలి అంటారు. లేని గోడకి పక్కగా జరుగుతారు. కళ్లు మరిచిపోయినవి కాళ్లకి గుర్తుంటాయని అక్కడే నమ్మాను. మాకు ఆ భాగ్యమైనా ఉంది, నీళ్లు తగ్గుతాయి. మీకు అది కూడా లేదు. మీ నేల మీద ఇంకో ఊరు కట్టేశారు.

నేను ఆ చోటు చూశానని నీకు తెలియదు. 2007 చలికాలంలో మా కోడలి పురుటికి లండన్ వచ్చి కొన్ని నెలలు ఉన్నాను. మా వాడు అప్పుడు వాల్వర్త్ రోడ్డు పక్క సందులో ఉండేవాడు. పాపని తోపుడు బండిలో పడుకోబెట్టి నేను రోజూ ఈస్ట్ స్ట్రీట్ సంతకి పోయేదాన్ని. గిన్నె పౌండు లెక్కన కూరగాయలు పోసి అమ్మేవాళ్లు. బెండకాయలు, పచ్చి అరటికాయలు, ఆఫ్రికా కందగడ్డలు. సంత అయ్యాక గులాబీ రంగు షాపింగ్ సెంటర్ వైపు పోయేదాన్ని. దాని ముందు అంబారీ మోస్తున్న ఏనుగు బొమ్మ ఉండేది. లోపల కొలంబియా వాళ్ల కాఫీ కొట్లో ఒక టీ తీసుకుని కూర్చుంటే ఎవరూ లెమ్మనేవాళ్లు కాదు. ఆ సెంటర్ 1965లో తెరిచారు, 2020 సెప్టెంబరులో మూసేశారు, తర్వాత ఏడాది అదీ కూల్చేశారు. నీ కథలో ఆ సంతా లేదు, ఆ సెంటరూ లేదు. ఎస్టేట్ అంటే ఆ బిల్డింగులు మాత్రమేనా? మీ అమ్మ ఉల్లిపాయలు ఎక్కడ కొనేది?

నేను మొదటిసారి హేగేట్ లోపలికి వెళ్లింది భయంతోనే. మా వాడి స్నేహితులు వద్దన్నారు. బయటి నుంచి చూస్తే పొడుగాటి బ్లాకులు గోడ కట్టినట్టు ఉండేవి, నిజమే. లోపలికి పోతే తక్కువ ఎత్తు ఇళ్లు, చిన్న చిన్న తోటలు, పెద్ద పెద్ద చెట్లు. లండన్ నడిబొడ్డున పిట్టల అరుపు వినబడింది. కార్లు కింద, మనుషులు పైన అన్నది దాన్ని కట్టినవాళ్ల ఆలోచన. బ్లాకు నుంచి బ్లాకుకి పై అంతస్తులోనే నడిచిపోవచ్చు. హేగేట్ స్ట్రీట్ దాటడానికి కూడా వంతెన ఉండేది. పిల్లలు రోడ్డు ముట్టకుండా తిరగాలని ఎవరో కూర్చుని గీశారు. టిమ్ టింకర్ అనే ఆర్కిటెక్ట్ పని అది, సదర్క్ కౌన్సిల్ 1974లో పూర్తి చేసింది. దాదాపు 1,200 ఇళ్లు, మూడు వేల మందికి పైగా జనం. నువ్వు ఒక్కదానివే తాళంచెవి మెడలో వేసుకుని బడికి పోగలిగావంటే ఆ వాక్‌వే వల్ల, ఆ పెద్దావిడ వల్ల. నీ కథలో ఆ వాక్‌వే దొంగలు పారిపోవడానికి మాత్రమే పనికొచ్చింది.

చెడ్డపేరు ఊరికే రాదమ్మా, దాని వెనక పనులు జరుగుతాయి. ముందు మరమ్మతులు ఆగుతాయి. తర్వాత చూశారా ఎలా ఉందో అంటారు. తర్వాత ఖాళీ చేయిస్తారు. హేగేట్ ఖాళీ అవుతున్నకొద్దీ అక్కడ నేరాల సినిమాలు, మ్యూజిక్ వీడియోలు తీశారు. వాళ్ల కెమెరాకి దొరికింది మనుషుల్ని తీసేసిన హేగేట్. అది చూసి జనం, అబ్బ ఎంత భయంకరమైన చోటు, కూల్చడమే మంచిదైంది అనుకున్నారు. నీ కథలో ఉన్నది ఆ సినిమాల హేగేట్. నువ్వు పెరిగిన చోటుకి నువ్వే వాళ్ల సెట్టింగు వేశావు.

డబ్బు లెక్క కూడా నీకు తెలిసి ఉండాలి, కథలో రాయకపోయినా. ఆ నేలని కౌన్సిల్ లెండ్ లీజ్ అనే కంపెనీకి 5 కోట్ల పౌండ్లకి ఇచ్చింది. జనాన్ని ఖాళీ చేయించడానికే 4 కోట్ల పౌండ్ల పైన ఖర్చయిందని 2013లో బయటపడింది. కొత్తగా కట్టడానికి అనుమతి పొందిన దాదాపు 2,500 ఇళ్లలో పాత తరహా సోషల్ అద్దెకి, అంటే మామూలు జనం కట్టగలిగే తక్కువ అద్దెకి, ఉన్నవి ఎనభై చిల్లర. రైట్ టు బై కింద, అంటే అద్దెకున్న కౌన్సిల్ ఇంటినే కొనుక్కునే పథకం కింద, ఫ్లాటు కొనుక్కున్నవాళ్లకి ఇచ్చిన పరిహారం ఆ చుట్టుపక్కల ఏ ఇల్లు కొనడానికీ చాలలేదు. ఎవరెవరు ఎంత దూరం పోవలసి వచ్చిందో స్థానికులు పటం గీశారు, చుక్కలు లండన్ అంచుల దాకా వెళ్లాయి. ఆ పటం వెతికి చూడు. ఒక్కో చుక్క దగ్గరా నీలాంటి పిల్ల ఒకతి ఉంటుంది, కొత్త బడికి దారి నేర్చుకుంటూ.

నేను చూసిన చలికాలానికే కొన్ని తలుపులకి ఇనుప రేకులు బిగించి ఉన్నాయి. ఖాళీ అయిన ఇంటికి రేకు కొడతారని, లోపలికి ఎవరూ దూరకుండా అని, నాకు ఎవరో చెప్పారు. ఇదుగో, నీ కథ ఇక్కడుంది. నీకు కత్తి అక్కర్లేదు, క్రేను అక్కర్లేదు. మొదటి ఏడాది నీ దారిలో ఎన్ని తలుపులు, ఏ తలుపు వెనక ఏ వాసన, ఏ రేడియో? తర్వాత ఏ తలుపుకి మొదటి రేకు పడింది? దాని పక్కది ఎప్పుడు? అదే దారి, అదే పిల్ల, అదే తాళంచెవి. ఒక్కో నెలా ఒక్కో తలుపు తగ్గుతుంది. పిల్ల ఏమీ అనుకోదు, లెక్కపెడుతూ బడికి పోతుంది. చదివేవాళ్లు మాత్రం నాలుగో తలుపు దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబడతారు. అమ్మాయీ, నువ్వు ఉత్తరంలో కూడా చెప్పలేదు, ఆవిడ ముందు వెళ్లిందా, మీరు ముందు వెళ్లారా? నేను ఆ ఒక్క విషయం కోసం రెండు కాగితాలూ మళ్లీ మళ్లీ తిప్పాను. ఆ జవాబు దాచుకుని నాకు క్రేను చూపించావు.

దారి గుర్తు రావడం లేదంటావేమో. కూలనివాటిని పట్టుకో. వాల్వర్త్ రోడ్డు వెనక రైలు వంతెన ఇంకా ఉంది, దాని కింద కమాను కొట్లు ఉన్నాయి. ఈస్ట్ స్ట్రీట్ ఉంది. మీ పాత చెట్లలో కొన్నిటిని, హేగేట్ నేల మీద ఎలిఫెంట్ పార్క్ అనే కొత్త ఇళ్లు కట్టినవాళ్లు ఉంచారు. వెళ్లి ఒక చెట్టు కింద నిలబడు. అది మీ బ్లాకుకి ఏ వైపు ఉండేదో, మీ కిటికీలోంచి దాని ఏ కొమ్మ కనబడేదో అక్కడి నుంచి మొదలుపెట్టు. మీ అమ్మని కూడా తీసుకెళ్లు. ఎక్కడ ఉండేవాళ్లం అని అడగవద్దు. డ్యూటీ దిగి బస్సు నుంచి ఇంటికి నడువమ్మా అను, నువ్వు వెనక నడువు. ఆవిడ ఎక్కడ తడబడుతుందో, ఎక్కడ అడుగు తొందరపడుతుందో చూడు. నోట్సు తర్వాత రాసుకోవచ్చు.

నీ ప్రశ్నల్లో ఒకదానికి జవాబు చెప్పి తీరాలి. ఆ ఇల్లు మాది కాదు, కౌన్సిల్ కూడా మాకు ఇవ్వలేదు, కొనుక్కున్న వేరే ఆయన దగ్గర అద్దెకున్నాం, మాకు ఖాళీ చెయ్యమని నోటీసు కూడా మా పేరు మీద రాలేదు, అలాంటప్పుడు దాన్ని నా చోటు అని రాయడానికి నాకు హక్కుందా అని అడిగావు. నీ కథలో ఉన్న భయమంతా ఈ ప్రశ్నలోంచే వచ్చిందనిపించింది. మీ పేరు ఏ జాబితాలోనూ లేదు కాబట్టి నువ్వే రాయాలి. కౌన్సిల్ అద్దెదారుకి ఒక ఫైలు ఉంటుంది, సొంతదారుకి కోర్టు కాగితం ఉంటుంది. మీలాంటి వాళ్లు సామాను సర్దుకుని పోతారు, అంతే, మీరు ఉన్నారనడానికి గుర్తు ఉండదు. మా ఊళ్లోనూ భూమికి లెక్క కట్టారు, ఇంటికి లెక్క కట్టారు. ఊరి బట్టలు ఉతికి బతికిన కుటుంబానికి పోయిన ఊరంతా జీవనాధారమే, దానికి ఏ లెక్కా కట్టలేదు. నా రెండో కథ వాళ్లది. వాళ్ల మీద ఎవరికి ఆసక్తి అని అడిగిన ఎడిటర్ ఒకాయన ఇప్పుడు మునక సాహిత్యం మీద సభల్లో అధ్యక్షత వహిస్తున్నాడు. నేను ఆ సభలకి పోను.

పోటీకి పంపవచ్చా అన్నావు. పంపవద్దు. పోటీ కథలకి ఒక మూస తయారైంది. మొదటి పేరాలో వాన, మధ్యలో అమ్మ, చివర మెలిక. ఇప్పుడు దానికి విదేశం హంగు కూడా కలిసింది. ఎయిర్‌పోర్టు, మంచు, ఆవకాయ జాడీ. నీకు నిజంగా పరాయి దేశంలో ఒక పొరుగు దొరికింది, ఆ పొరుగుని చెడగొట్టారు. దాన్ని "ఊరి జ్ఞాపకాలు" అనే శీర్షిక కింద ఎవరో ఒక పేజీకి కుదించి, పక్కన పాత ఫొటో వేసి ముద్దుగా అచ్చువెయ్యడం నాకు ఇష్టం లేదు. ఇది ముద్దు చెయ్యవలసిన విషయం కాదు. 2013 నవంబరులో హేగేట్‌లో మిగిలిన చివరి మనిషిని బెయిలిఫులు, అంటే ఇళ్లు ఖాళీ చేయించే కోర్టు మనుషులు, వచ్చి బయటికి పంపారు. అంతకు ముందు కొన్నాళ్లు, హీటింగ్ కూడా లేకుండా ఉండిపోయిన ఆ కొద్దిమంది ఖాళీ జాగాల్లో కూరగాయలు పెంచుకున్నారు. ఆ చిక్కుడు పాదుల దాకా నీ కథ పోనవసరం లేదు. కానీ అవి ఉన్న లోకంలో నీ కథ ఉండాలి.

మళ్లీ రాసేటప్పుడు రాక్షసిని తీసెయ్యి. కుర్రాళ్లని ఉంచాలనిపిస్తే ఉంచు, కానీ వాళ్ల పేర్లు తెలుసుకుని ఉంచు. నీకు తెలిసినవాళ్లు ఉండే ఉంటారు. బంతి ఆట ఆడి నీ కిటికీ పగలగొట్టినవాడో, లిఫ్టు ఆగిపోతే మీ అమ్మ సంచులు పైకి మోసినవాడో. మెట్ల మీద వాసన నిజంగా ఉంటే అదీ ఉండనీ, ఏ అంతస్తులో మొదలై ఏ అంతస్తులో ఆగేదో కూడా రాయి. తలుపుల రంగులు గుర్తు లేకపోతే కల్పించకు, మీ అమ్మని అడుగు. చలికాలం పొద్దున ఎనిమిదికి లండన్‌లో వెలుతురు ఎంత ఉంటుందో నాకంటే నీకే బాగా తెలుసు, దాన్ని వాడుకో. పిల్ల వయసు మారుతున్నకొద్దీ అడుగు పెద్దదవుతుంది, దారి చిన్నదవుతుంది. అది కూడా కథలో పట్టుబడాలి.

ఉగాది లోపు పంపితే మంచిది, తర్వాత కంటి ఆపరేషన్ ఉంది, కొన్నాళ్లు చదవలేను. ఫోన్లో పంపవద్దు, ప్రింటు తీసి పోస్టు చెయ్యి, అక్షరం పెద్దదిగా పెట్టు. కథతో పాటు ఒక తెల్ల కాగితం మీద మీ ఇంటి తలుపు నుంచి బడి గేటు దాకా దారి గీసి పంపు. కథని ఆ కాగితం పక్కన పెట్టుకుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ అత్త